ఆర్థర్ కాటన్ దొరగారి బోర్డింగు దినములు

జూను నెలలో పాఠశాల తెఱచిన మొదటి వారమున మా వసతిగృహములో ప్రతి సంవత్సరమును ఒకే దృశ్యము కానవచ్చును. వైనతేయకు ఆవలనున్న అప్పనపల్లి, మామిడికుదురు, నగరము మొదలగు గ్రామములనుండి వచ్చిన క్రొత్త బాలురు తమ రేకుపెట్టెలను గోడవారగా పెట్టుకొని, పగలెల్ల ధైర్యముగా తిరిగి, దీపములార్పిన పిమ్మట దుప్పటి ముసుగులో ఏడ్చుచుందురు. తమ యేడ్పు ఎవ్వరికిని వినబడదని వారి తలంపు. మేమును బోర్డింగులో పెరిగినవారమే. బోడసకుర్రు రేవున పడవయెక్కి, ఒడ్డున నిలిచియున్న తల్లి కనుమఱుగగువఱకు వెనుకకు చూచుచు వచ్చినవారమే. కావున ఆ యేడ్పు వినియు విననట్లే వరండాలో నడచిపోవుదుము. ఇప్పుడు ఆ రేవునకు బదులు వంతెన వచ్చినది. ప్రయాణము సులభమైనది గాని మొదటి రాత్రి మాత్రము సులభము కాలేదు.

ఈ బాలురకు మేము ఏటేట చెప్పు కథయొకటి కలదు. అది కాటన్ దొరగారి కథ. కోనసీమలో ఆయన పేరు వినని పిల్లవాడు లేడు. ఊరూర ఆయన విగ్రహము గుఱ్ఱముమీద కూర్చుండియుండును. కాని విగ్రహమును చూచి పెరిగినవారికి ఆయనయు ఒకప్పుడు 15 ఏండ్ల బాలుడై, ఇల్లువిడిచి, పరులయింట పడుకొని పాఠములు వల్లించెనన్న సంగతి తోచదు. ఆనకట్ట కథ అందఱును చెప్పుదురు గనుక మేము దానిని కుదించి, ఆయన విద్యాభ్యాసమునుగూర్చియే విస్తరించి వ్రాయుచున్నాము.

ఆర్థర్ కాటన్ 1803వ సంవత్సరము మే 15వ తేదీన జన్మించెను. తండ్రి హెన్రీ కాల్వలీ కాటన్. ఆయనకు 11 మంది కుమారులు, వారిలో ఆర్థరు 10వ వాడు. కుటుంబము గొప్పదే, జ్ఞాతులలో బిరుదులుగల ప్రభువులును సేనాపతులును ఉండిరి. అయినను అంతమంది కుమారులున్న యింట ప్రతివాడును తన బ్రదుకుతెరువు తాను చూచుకొనవలసినదే. అన్నలలో ఒకడు ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఒక కళాశాలకు అధిపతి యయ్యెను, మఱియొకడు సేనలో పేరుపొందెను. ఆర్థరునకు నిర్ణయమైన త్రోవ ఈస్టిండియా కుంపిణీ కొలువు. ఆ కొలువునకు ద్వారము ఆడిస్కొంబు పాఠశాల.

ఆడిస్కొంబు లండనునకు దక్షిణమున క్రాయిడను పట్టణము చెంతనున్న యొక పాతకాలపు మేడ. దానిని కుంపిణీవారు 1809లో కొని, హిందూదేశములోని తమ సేనలకు కావలసిన యువకులను తయారుచేయుటకై పాఠశాలగా మార్చిరి. బాలురందఱును అక్కడనే వసింపవలెను, సైనికుల దుస్తులు ధరింపవలెను. పడకశాలలు పొడవైనవి. వానిని చెక్క అడ్డులతో విభజించి, ఒక్కొక్కనికి ఒక్కొక్క చిన్న గది యేర్పఱచిరి. ఆ గదులకు పిల్లలు పెట్టుకొన్న పేరు కుక్కగూళ్లు. బోర్డింగు పిల్లలు ఏ దేశమున నున్నను తమ వసతులకు పేర్లు పెట్టుటలో ఒక్కటియే.

అక్కడి చదువు కఠినమైనది. గణితమునకు మొదటి స్థానము. తరువాత కోటల నిర్మాణము, వాని ముట్టడి, భూమి కొలత, పటములు గీయుట, ప్రకృతిశాస్త్రము, రసాయనశాస్త్రము. హిందూస్థానీ భాషను జాన్ షేక్స్‌పియర్ అను పండితుడు నేర్పుచుండెను. ఇతడు నాటకములు వ్రాసిన కవి కాడు, హిందూస్థానీ నిఘంటువును కూర్చిన మఱియొకడు. మద్రాసు రాజధానికి పోవలసిన బాలురకు తెలుగుగాని అరవముగాని నేర్పక హిందూస్థానీ నేర్పుట విచిత్రమే. వ్యవసాయపు కాలువలు త్రవ్వుట యెట్లో నేర్పుట ఆ పాఠశాల ఉద్దేశము కానేకాదు. దాని ఉద్దేశము యుద్ధము. 1809 మొదలు 1861 వఱకు అచ్చట చదివి వెడలినవారు సుమారు 3,600 మంది. అందు రమారమి 2,000 మంది కాల్బలమునకును, 1,100 మంది ఫిరంగిదళమునకును పోయిరి. ఇంజనీర్లయినవారు 500 మంది మాత్రమే.

ఈ విభాగము పరీక్షవలన నిర్ణయమగుచుండెను. కుంపిణీ అధికారులు వచ్చి కూర్చుండగా బాలురను బహిరంగముగా పరీక్షించెడివారు. ఎవడు గీసిన పటములు వాని పేరుతో అందఱి యెదుట ఉంచబడెడివి. మొదటి వరుసలో నిలిచినవారికి ఇంజనీర్ల దళము, తరువాతివారికి ఫిరంగులు, మిగిలినవారికి కాల్బలము. అనగా 16 ఏండ్ల బాలుని జీవితమంతయు ఒక్క దినమున తీర్మానమై పోవుచుండెను. మన పదియవ తరగతి పరీక్షలకు భయపడు పిల్లలు ఈ సంగతి విని కొంత ఊరట చెందుదురు.

ఆర్థరు 1818లో ఆ పాఠశాల ప్రవేశించి, 1819లో మద్రాసు ఇంజనీర్ల దళమున సెకండు లెఫ్టినెంటుగా వెడలెను. బోర్డింగు జీవితము ఒక సంవత్సరమో, కొంచెము ఎక్కువయో! అంతలోనే బాల్యము ముగిసెను. ఆ కాలమున ఆడిస్కొంబున పరీక్షాధికారిగా నుండిన మడ్జి దొరయే ఇంగ్లండు దేశపు సర్వేశాఖకును అధిపతి. ఆర్థరు 1820 జనవరిలో ఆ సర్వేశాఖ పనిమీదనే వేల్సు దేశమునందలి బాంగరునకు పంపబడెను. కొండలయందు గొలుసు పట్టుకొని నడచి, కొలిచినదానిని కాగితముమీదికి ఎక్కించు పని. పాఠశాలలో చేతికి పట్టువడిన విద్య అచ్చట కాళ్లకును పట్టువడెను. 1821లో మద్రాసు చేరునప్పటికి ఆయన వయస్సు 18 ఏండ్లు. తరువాత తమ్ముడు ఫ్రెడరికును అదే దళమున చేరెను.

మద్రాసులో ఆయనకు దొరకిన పని చెఱువుల శాఖలోనిది. చెఱువుగట్లు, తూములు, కలుజులు చూచుచు దక్షిణ జిల్లాలలో తిరిగెను. పాంబను జలసంధిని పరీక్షించెను. 1828లో కెప్టెనై, కావేరీ నదిని పరిశోధించుటకు నియమితుడయ్యెను. ఇక్కడనే ఆయనకు రెండవ పాఠశాల లభించినదని మా అభిప్రాయము.

సంగతి యేమనగా, ఇంగ్లండు ఇంజనీర్లు నేర్చిన విద్యలో గట్టి కట్టడమునకు గట్టి పునాది కావలెను, రాయి తగులువఱకు త్రవ్వవలెను. మన డెల్టా నదులయందు ఎంత త్రవ్వినను ఇసుకయే. అట్టిచోట ఆనకట్ట అసాధ్యమని తలచుట సహజము. కాని కావేరికి అడ్డముగా చోళరాజుల కాలమునాటి కల్లణై శతాబ్దములనుండి ఇసుకమీదనే నిలిచియుండెను. కాటన్ దానిని శ్రద్ధతో పరిశీలించెను. రాళ్లను ఇసుకలో పోయగా అవి క్రుంగును, క్రుంగినచోట మరల పోయవలెను. క్రుంగి క్రుంగి అవి యిక కదలని స్థితికి వచ్చును. అప్పుడు ఆ రాశియే పునాది యగును. ఆడిస్కొంబు నల్లబల్లమీద ఎవ్వరును వ్రాయని ఈ పాఠమును, పేరైన మిగులని పాతకాలపు పనివారినుండి తాము నేర్చుకొంటిమని ఆయన తరువాత తన వ్రాతలయందు దాచక ఒప్పుకొనెను. ఏలుచున్న జాతివాడై ఏలబడువారికి శిష్యుడనని చెప్పుట ఆ దినములలో అరుదు. 1836లో కొలెరూను నదిపై కట్టిన ఎగువ ఆనకట్ట ఈ విద్యకు మొదటి ఫలము.

గోదావరి సంగతి తొందరగా చెప్పెదము. రాజమహేంద్రవరము జిల్లాలో 1821లో 7,38,308 మంది జనముండగా, 1841 నాటికి 5,61,041 మంది మాత్రమే మిగిలిరి. 1832-33 నాటి కఱవు, 1839 నాటి ఉప్పెన, ఊళ్లను విడిచి పోవుటలు ఈ లెక్కవెనుక నున్నవి. రెండు ఒడ్డులనడుమ నీరు సముద్రమునకు పోవుచుండగా జనులు నీరులేక చచ్చుచుండిరి. కాటన్ 1844 మొదలు ఈ ప్రాంతమును పరిశీలించి నివేదికలు పంపెను. 1846 డిసెంబరులో అనుమతి వచ్చెను. 1847లో పని ప్రారంభమై 1852లో ముగిసెను. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా ఆ ఆనకట్ట నిలిచెను. రాజమహేంద్రవరపు వాడగు వీణెము వీరన్నగారు పనివారిని కూర్చి నడపుటలో ఆయనకు కుడిభుజమై యుండెను. 1836లో ఈ దేశమునకు వచ్చి గోదావరి డెల్టాలో సువార్తపని చేసిన బౌడెన్, బీర్ దొరలకు కాటన్ స్నేహితుడు, సహాయకుడు. ఆ పాత ఆనకట్టకు బదులు 1970 తరువాత క్రొత్త బారేజి కట్టబడి, ఆయన పేరుననే వెలసినది.

అయితే ధవళేశ్వరమున ఆగిన నీరు అప్పనపల్లికి ఎట్లు వచ్చెను? మన నగరపు లంకకు ఒక ప్రక్క వైనతేయ, ఒక ప్రక్క వసిష్ఠ, దిగువను సముద్రము. కాలువ రావలెనన్న నదిని దాటవలెను. నదిమీద నదిని నడిపించునట్లు గన్నవరమునొద్ద 40 అడుగుల వెడల్పుగల 49 కమానులతో అక్విడక్టును కట్టిరి. దానిని కట్టించినవాడు కాటన్ క్రింద పనిచేసిన హేగ్ అను యువ ఇంజనీరు. దుమ్ముగూడెమున కోయలలో మిషను పని మొదలగుటకు ముఖ్యకారకుడైన హేగ్ దొరయు ఇతడే. ఇప్పుడు నీరు దాని ప్రక్కను వెలసిన క్రొత్త కట్టడముమీద పోవుచున్నది. దానికి అన్నదాత్రియగు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టుట మాకు మిక్కిలి సంతోషము.

ఇక బోర్డింగు కథలో మిగిలిన భాగము. కాటన్ ఆడిస్కొంబున చదివిన 1818-19 సంవత్సరములలోనే ప్రోబీ కాట్లీ అను మఱియొక బాలుడును ఆ గోడల మధ్యనే చదివెను. వయస్సున కాటనుకంటె ఒక యేడు పెద్ద. అతనికి బంగాళపు ఫిరంగిదళము లభించెను. ఫిరంగులు విడిచి అతడును నీటిపనికే దిగి, హరిద్వారమునొద్ద గంగా కాలువను త్రవ్వించెను. అది 1854లో తెఱవబడెను. యుద్ధవిద్యకై పెట్టిన పాఠశాలలో ఒక్క యేట చేరిన యిద్దఱు బాలురు, ఒకడు ఉత్తరమున, ఒకడు దక్షిణమున, లక్షల జనులకు అన్నము పెట్టిరి.

వారు వృద్ధులైన పిమ్మట ఎట్లుండిరో చెప్పక దాచుట న్యాయము కాదు. 1860 తరువాత కాటన్ గంగా కాలువను బహిరంగముగా విమర్శించెను. కాలువ తల కొండలకు మిక్కిలి చేరువను పెట్టుట పొరపాటనియు, వాలు ఎక్కువైనదనియు ఆయన వాదము. కాట్లీ ఊరకుండలేదు. పుస్తకములకు పుస్తకములు బదులువచ్చెను. వాలు సంగతిలో కాటన్ పలికినది నిజమే, నీటివడికి కాలువ అడుగు కోసికొనిపోయెను. తల మార్చవలెనన్న మాట మాత్రము ప్రభుత్వమువారు అంగీకరింపలేదు. అంతటి మహనీయులు అంత కటువుగా వాదింపకున్న బాగుండెడిదని మాకు తోచును. ఒక్క పరీక్షకు కూర్చున్న బాలురకు ముసలితనమునందును ఆ పరీక్ష ముగియదేమో! కాట్లీ 1871లో మరణించెను.

కాటనునకు 1861లో సర్ బిరుదము వచ్చెను. ఉద్యోగము విడిచి స్వదేశమునకు పోయిన తరువాతను ఇనుపదారులకంటె నీటిదారులే ఈ దేశమునకు మేలని అలుపులేక వాదించెను. కడపటి సంవత్సరములలో డార్కింగు పట్టణమున తన తోటలో నేలను లోతుగా త్రవ్వి గోధుమ పండించు ప్రయోగములు చేసెను. 1899 జూలై 24వ తేదీన 96 ఏండ్ల వయస్సున పరమపదించెను. కుమార్తెయగు లేడీ హోప్ ఆయన చరిత్రమును వ్రాసి 1900లో ప్రకటించెను.

ఆడిస్కొంబు అంతకు చాలముందే పోయినది. కుంపిణీ పరిపాలన తొలగిన పిమ్మట 1861లో పాఠశాల మూయబడెను, మేడను పడగొట్టిరి, స్థలమును ఇండ్లకు అమ్మిరి. అక్కడ వేసిన అయిదు వీథులకు కానింగు, క్లైడు, ఎల్గిను, హావెలాకు, అవుట్రాము అను పేర్లు పెట్టిరి. పాలకులును సేనాపతులునే గాని కాలువలు త్రవ్వినవాడు వారిలో ఒక్కడును లేడు.

లోగడ ఒక యేడు మేము వసతిగృహపు బాలురను గన్నవరము తీసికొనిపోయి పాత కమానులను చూపితిమి. లెక్కింపుడంటిమి. ఒకడు 48 అనెను, ఒకడు 50 అనెను, కలహము పుట్టెను. జూను మాసమున అందఱికంటె ఎక్కువ యేడ్చిన అప్పనపల్లి పిల్లవాడు మాటాడక, ఒంటరిగా మొదటి కమాను కడకు తిరిగిపోయి, వ్రేలితో చూపుచు మరల ఒకటినుండి లెక్కింప నారంభించెను.