రక్షిత కౌలుదారు మాట వెనక బూర్గుల

మదీనాగూడలో స్థలం కొనేవారికి వకీళ్లు లింకు డాక్యుమెంట్లతో పాటు పాత పహాణీలూ చూడమంటారు. వాటిలో 'రక్షిత కౌలుదారు' అన్న మాట కనిపిస్తే చాలా ఆలోచిస్తారు. ఆ మాట వెనకున్న మనిషి మన బడి పిల్లలకు తెలియాలని ఈ స్వర్ణోత్సవ సంచికకు బూర్గుల రామకృష్ణారావుగారి గురించి రాస్తున్నాను.

ఆయన 1899 మార్చి 13న పాలమూరు సీమలోని పడకల్లులో పుట్టారు. పుణె ఫెర్గూసన్ కళాశాలలో చదివి, హైదరాబాదులో పేరున్న వకీలయ్యారు. సంస్కృతం, ఫారసీ, ఉర్దూలలో పండితులు. తెలంగాణ పల్లెలు భూమి కోసం రగిలిన రోజుల్లో, 1950లో, రెవెన్యూ మంత్రి అయ్యారు. ఆ ఏడాదే హైదరాబాదు కౌలుదారీ చట్టం వచ్చింది. వరుసగా ఆరేళ్లు సాగుచేసిన కౌలుదారుకు రక్షణా, భూమి కొనుక్కునే హక్కూ దక్కాయి. 1952లో ముఖ్యమంత్రి అయ్యారు. 1954 సవరణ 38-ఈ సెక్షన్‌తో కౌలుదారును యజమానిని చేసే దారి వేసింది.

దారి వేసినా నడక సాగలేదు. కొందరు భూస్వాములు కౌలుదార్లను ముందే వెళ్లగొట్టారు. ఇష్టపడి వదులుకున్నట్టు కాగితాలు రాయించుకున్నారు. తెలంగాణలో చాలాచోట్ల ఆ సెక్షన్ అమలైంది 1973లో. కేరళ, ఉత్తరప్రదేశ్‌లకు గవర్నరుగా పనిచేసిన బూర్గులవారు 1967 సెప్టెంబరులోనే కన్నుమూశారు.

ఆయనది మంచి చట్టమే అని నా నమ్మకం. ఆలస్యమే పేదవాణ్ణి దెబ్బతీసింది. మన పూర్వ విద్యార్థుల్లో వకీళ్లు, రెవెన్యూ ఉద్యోగులు ఎందరో ఉన్నారు. పాత కాగితం పట్టుకుని మీ గుమ్మం ఎక్కే రైతు మనుమణ్ణి రేపు రమ్మనకండి.