గుండుగొలను నుండి గవర్నరు పదవికి: డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు

తాడేపల్లిగూడెమునుండి ఏలూరు పోవు దారిలో ఉంగుటూరు, భీమడోలు దాటిన పిదప గుండుగొలను వచ్చును. కొల్లేటి గాలి సోకు ఆ పల్లెలో 1880 నవంబరు 24వ తేదీన ఒక బీదకుటుంబమున భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు జన్మించిరి. మద్రాసు క్రైస్తవ కళాశాలలో పట్టము పొంది, పిమ్మట వైద్యవిద్య ముగించి, మచిలీపట్నమున వైద్యులుగా స్థిరపడిరి. చేతినిండ రాబడి గల ఆ వృత్తిని కొలది యేండ్లకే విడిచి దేశసేవకు దిగిరి. 1910లో కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారు స్థాపించిన ఆంధ్ర జాతీయ కళాశాలకు వీరును మూలస్తంభమైరి.

వీరు స్వయముగా నాగలి పట్టినవారు కారు. కాని రైతు అప్పు సంగతి వీరెరిగినంతగా ఆనాటి నాయకులలో ఎరిగినవారు అరుదు. విత్తుల వేళ నాగువడ్డీకి ధాన్యము తెచ్చిన రైతు, నూర్పిళ్ళ వేళ కళ్ళములోనే షావుకారు చెప్పిన ధరకు పంటను కొలిచి యిచ్చెడివాడు. బస్తాలు బండి కెక్కినను పత్రము మాత్రము షావుకారు పెట్టెలోనే యుండెడిది. లెక్కలు వ్రాయు వృత్తిలోని నావంటివానికి ఈ బాధ వేరుగ చెప్పనక్కరలేదు. ఈ వ్యాధికి పట్టాభిగారు వ్రాసిన మందుచీటీ సహకార పరపతి. 1915లో కృష్ణా జిల్లా సహకార కేంద్ర బ్యాంకు వీరి పూనికతో వెలసెను. 1923 నవంబరు 28న లక్షరూపాయల చెల్లించిన మూలధనముతో ఆంధ్రా బ్యాంకు మచిలీపట్నమున వ్యాపారము ప్రారంభించెను. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ వచ్చెను. ఉపన్యాసములతో దేశభక్తి చాటినవారు పలువురు. చిట్టా, ఆవర్జాలతో చాటినవారు వీరు.

1930లో ఉప్పు సత్యాగ్రహమున చెరసాల చేరిరి. 1935లో కాంగ్రెసు చరిత్రను ఆంగ్లమున రచించిరి. 1939లో కాంగ్రెసు అధ్యక్షపదవికి సుభాష్ చంద్రబోసుగారితో పోటీచేసి, 1580 ఓట్లకు 1377 ఓట్లతో ఓడిరి. ఆ ఓటమి తనదేయని గాంధీమహాత్ములు చాటిరి. 1942 నుండి అహ్మదునగరు కోటలో నిర్బంధము. 1948లో టాండన్ గారిని గెలిచి జయపురము కాంగ్రెసునకు అధ్యక్షులైరి.

ఇక క్లిష్టఘట్టము. 1917 కలకత్తా కాంగ్రెసు నాటినుండి ఆంధ్రులకు వేరు శాఖ, పిదప వేరు రాష్ట్రము కావలెనని పోరాడినవారిలో వీరు ముందువారు. అట్టివారు 1949లో నెహ్రూ, పటేలు గారలతో కలిసి, భాషారాష్ట్రములను వాయిదావేయుట మేలని చెప్పిన నివేదికపై సంతకము చేయవలసి వచ్చెను. మద్రాసు నగరముపై పట్టు విడిచినచో ఆంధ్రరాష్ట్రమును పరిశీలింపవచ్చునని అందు ఒక వెసులుబాటున్నది. అది వీరి చలువ యని కొందరు, మద్రాసును వదులుకొనుటయే యని మరికొందరు తలచిరి. కురుసభలో విదురుని స్థితి వంటిది వీరి స్థితి యని నాకు తోచును. అయితే విదురుడు సంతకము చేయలేదు.

1952 జూలైలో వీరు మధ్యప్రదేశ్ గవర్నరుగా నాగపూరు చేరిరి. ఆ డిసెంబరు 15న పొట్టి శ్రీరాములుగారు మద్రాసులో నిరాహారులై అసువులు బాసిరి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము, మద్రాసు లేకుండనే, అవతరించెను. 1956 నవంబరు 1న తెలుగువారందరికి ఒక రాష్ట్ర మేర్పడిన దినముననే వీరు పాలించు మధ్యప్రదేశ్ భాషనుబట్టి చీలెను. మరాఠీ జిల్లాలు బొంబాయి రాష్ట్రమున కలిసెను. రాజధాని భోపాలునకు తరలెను. తాము జీవితమంతయు కోరిన సూత్రము తమ రాష్ట్రమునే విభజించుచుండగా వీరు గవర్నరు పీఠమున నుండిరి. 1957 జూన్‌లో పదవి విడిచి, 1959 డిసెంబరు 17న పరమపదించిరి.

ఆంధ్రా బ్యాంకు 1980లో జాతీయము చేయబడెను. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమయ్యెను. పంటరుణమునకు పోవు మన రైతు పాసుపుస్తకముపై నేడు ఆ పేరు లేదు.