బిషప్ జాన్ రిచర్డ్‌సన్: నికోబార్ క్రిస్మస్ పాటకు భాషనిచ్చిన జీవితం

రేడియోలో క్రిస్మస్ పాటలు ఎప్పటి నుంచి మొదలుపెట్టాలి? ప్రపంచంలో దీనికి ఒకే సమాధానం లేదు. ఫిలిప్పీన్స్‌లో సెప్టెంబరు నుంచే ఆ పాటలు వినిపిస్తాయి. అమెరికాలో కొన్ని కేంద్రాలు నవంబరులోనే మిగతా సంగీతాన్ని పక్కనపెట్టి క్రిస్మస్ పాటలకు మారిపోతాయి. ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జ్ కింగ్స్ కళాశాల ఆరాధన గీతాలు 1928లో తొలిసారి బీబీసీలో ప్రసారమయ్యాయి. ఆ కార్యక్రమం డిసెంబరు 24న జరుగుతుంది. మన దేశంలో ఈ ప్రశ్న అందరికంటే దగ్గరగా తాకే చోట్లలో అండమాన్ నికోబార్ దీవులు ఒకటి. అక్కడ దీనికి సమాధానం వెతికితే బిషప్ జాన్ రిచర్డ్‌సన్ జీవితం దగ్గర ఆగవలసి వస్తుంది.

19వ శతాబ్ది చివరి దశాబ్దాల్లో కార్ నికోబార్ దీవిలోని మూస్ గ్రామంలో ఆయన జన్మించారు. పుట్టినప్పటి పేరు హాచెవ్‌కా. తుహేత్ అనే ఉమ్మడి కుటుంబ వ్యవస్థ, కొబ్బరి తోటలు, పందుల పెంపకం, పడవ పందేలు ఆ సమాజపు జీవనాధారాలు, వేడుకలు. నికోబారీలకు పాట ఎవరో వచ్చి నేర్పిన విద్య కాదు. వలయంగా నిలబడి, ఒకరి భుజంపై మరొకరు చేయి వేసి, అడుగు కలుపుతూ పాడటం వారికి అనాదిగా ఉన్నదే. వారి భాషకు అప్పటికి లేనిది రాత.

1890ల్లో మద్రాసు ప్రాంతం నుంచి వచ్చిన వేదప్పన్ సోలొమన్ మూస్‌లో ఒక చిన్న పాఠశాల నడిపారు. అందులో చదువుకున్న హాచెవ్‌కా జాన్ రిచర్డ్‌సన్ అయ్యారు. పైచదువుకు బర్మాలోని మాండలే వెళ్లారు. 1912లో ఉపాధ్యాయుడిగా, మతబోధకుడిగా సొంత దీవికి తిరిగివచ్చారు. చదువుకున్నవాడికి రంగూన్‌లోనో కలకత్తాలోనో కొలువు దొరికే కాలమది. ఆయన మాత్రం సొంత ఊరి పిల్లలకు అక్షరాలు దిద్దించడానికే వచ్చారు. దీవిలో ఫుట్‌బాల్ ఆటను నాటినవారిగానూ ఆయనను స్మరించుకుంటారు.

రోమన్ లిపిలో నికోబారీ భాషను రాసే పనిలో అప్పటికే కొందరు ఉన్నారు. మిషనరీ జార్జి వైట్‌హెడ్ కార్ నికోబారీ నిఘంటువు 1925లో రంగూన్‌లో వెలువడింది. అయితే నిఘంటువులోని మాట ఇంట్లోకి, గుడిలోకి, పిల్లల నోటికి రావాలంటే ఆ భాషలో పుట్టిపెరిగినవాడు కావాలి. ఆ పని రిచర్డ్‌సన్ చేశారు. వాచకాలు, ప్రార్థనలు, కీర్తనలు నికోబారీలో సిద్ధం చేశారు. ఆయన శ్రమతో 1950లో కొత్త నిబంధన, ఆ తరువాతి కాలంలో బైబిలు మొత్తం ఆ భాషలోకి వచ్చాయి. తెలుగువారికి ఈ శ్రమ విలువ సులువుగానే అర్థమవుతుంది. 19వ శతాబ్దిలో పురుషోత్తమ చౌదరి వంటి కవులు రాగతాళాలతో కీర్తనలు రాసిన తరువాతే తెలుగు క్రైస్తవ ఆరాధన తెలుగు గొంతుతో పలికింది.

1934లో రిచర్డ్‌సన్ గురువుగా అభిషేకం పొందారు. ఎనిమిదేళ్లకు యుద్ధం దీవులను చేరింది. 1942 మార్చిలో జపాన్ సైన్యం పోర్ట్ బ్లెయిర్‌ను ఆక్రమించింది, ఆపై నికోబార్‌లోనూ అడుగుపెట్టింది. యుద్ధం ముదిరిన కొద్దీ శత్రువుకు సంకేతాలు పంపుతున్నారన్న అనుమానంతో ద్వీపవాసులను పట్టుకుని చిత్రహింసలు పెట్టారు, అనేకమందిని చంపారు. రిచర్డ్‌సన్‌ను నిర్బంధించారు. ఆయన కుటుంబమూ ఆ హింసకు బలైంది. ఆయనకూ మరణం తప్పదనుకున్న దశలో జపాన్ లొంగిపోయింది. కార్ నికోబార్ హత్యలపై 1946లో సింగపూర్‌లో సైనిక న్యాయస్థానం విచారణ జరిపింది.

1945 డిసెంబరు క్రిస్మస్ అనేక నికోబారీ కుటుంబాలకు వియోగం మధ్య వచ్చిన పండుగ. ప్రతీకారం వైపు కాక పునర్నిర్మాణం వైపు తన ప్రజలను నడిపించడం ఆ తరువాతి ఏళ్లలో రిచర్డ్‌సన్ చేసిన పని. యుద్ధానంతర కాలంలో దీవి జనాభాలో అత్యధికులు ఆయన సంఘంలో చేరారు. 1950లో ఆయన బిషప్ అయ్యారు. 1952లో తొలి లోక్‌సభకు అండమాన్ నికోబార్ ప్రతినిధిగా నామినేట్ అయ్యారు. ఆ దీవుల నుంచి పార్లమెంటులో కూర్చున్న మొదటి సభ్యుడు ఆయనే. 1966లో అండమాన్ నికోబార్ ప్రత్యేక డయోసిస్‌గా ఏర్పడినప్పుడు దానికి తొలి బిషప్ అయ్యారు. ప్రభుత్వం 1965లో పద్మశ్రీ, 1975లో పద్మభూషణ్ పురస్కారాలతో గౌరవించింది. 1970ల చివర్లో ఆయన కన్నుమూశారు. కార్ నికోబార్‌లోని ఆసుపత్రి నేడు ఆయన పేరుతోనే ఉంది.

పోర్ట్ బ్లెయిర్‌లో ఆకాశవాణి కేంద్రం 1963లో మొదలైంది. నేడు శ్రీ విజయ పురంగా పిలుస్తున్న ఆ పట్టణానికి కార్ నికోబార్ సుమారు 270 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఓడ మీద ఆధారపడిన దీవులకు రేడియో దూరాన్ని చెరిపేసింది. ఆ కేంద్రం నుంచి నికోబారీలో కార్యక్రమాలు వెలువడ్డాయి. రిచర్డ్‌సన్ తరం ఆ భాషకు రాతను, కీర్తనను స్థిరపరచి ఉండకపోతే ఆ ప్రసారాలు అంత సులువయ్యేవి కావు.

ఇక్కడే మొదటి ప్రశ్న మళ్లీ ఎదురవుతుంది. రిచర్డ్‌సన్ పాటించిన ఆంగ్లికన్ పంచాంగంలో క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలు ఆగమన కాలం. నవంబరు 27, డిసెంబరు 3 మధ్య వచ్చే ఆదివారంతో అది మొదలవుతుంది. ఆ రోజులు సంబరానికి కాదు, నిరీక్షణకు. పండుగ డిసెంబరు 24 రాత్రి మొదలై పన్నెండు రోజులు సాగి, జనవరి 6న ఎపిఫనీతో ముగుస్తుంది. వాణిజ్య ప్రపంచం ఈ క్రమాన్ని తిరగేసింది. నిరీక్షించవలసిన రోజుల్లో సంబరం వినిపించి, 25 రాత్రికే పాట కట్టేస్తుంది.

ముందుగా వినాలనుకునే శ్రోతలు ఉన్నారన్నది నిజమే. 2011 జనగణన ప్రకారం ఈ దీవుల్లో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు. తెలుగు సంఘాల్లో డిసెంబరు మొదటి వారాల నుంచే సెమీ క్రిస్మస్ కూటాలు, ఇంటింటి పాటలు సాగుతాయి. అందులో తప్పు లేదు. అయితే గాయక బృందం సాధన వేరు, ప్రజా ప్రసార కేంద్రం ప్రకటన వేరు. అన్ని మతాల వారూ వినే ఒకే కేంద్రం నెల ముందే అదే పాటను పదేపదే వినిపిస్తే, పండుగ రోజుకు వినేవారి చెవిలో ఆ పాట పాతబడిపోతుంది.

కార్ నికోబార్‌కు ఇంకొక కారణం ఉంది. 2004 డిసెంబరు 26 ఉదయం, క్రిస్మస్ జరుపుకున్న మర్నాడే, సునామీ ఆ దీవి తీర గ్రామాలను తుడిచిపెట్టింది. మూస్ కూడా అందులో ఉంది. చర్చి పంచాంగం ప్రకారం అది క్రిస్మస్ రెండో రోజు. ఆ ఉదయం రేడియో పండుగ అయిపోయిందని మామూలు సినిమా పాటలకు మారితే, నికోబారీ శ్రోతకు తన దుఃఖం కేంద్రానికి గుర్తులేనట్లే ఉంటుంది. పోయినవారిని తలచుకునే వేళకు కూడా క్రిస్మస్ గీతం పక్కనే ఉండాలి.

కాబట్టి రిచర్డ్‌సన్ దీవికి తగిన క్రమం ఇలా ఉంటుంది. ఆగమన కాలపు ఆదివారాల్లో నిరీక్షణ గీతాలు, అవీ మితంగా. డిసెంబరు 24 సాయంత్రం నుంచి క్రిస్మస్ గీతాలు, వాటిలో నికోబారీకి మొదటి స్థానం. 26 ఉదయం స్మరణ. ఆపై జనవరి 6 వరకు పాట ఆగకూడదు. 1912లో అక్షరాలతో మొదలుపెట్టి కొత్త నిబంధన అచ్చయ్యే దాకా 38 ఏళ్లు ఓపిక పట్టిన మనిషి ప్రజలకు, ఒక పాట కోసం నాలుగు వారాలు వేచి ఉండటం కష్టమేమీ కాదు.