దుకాణం తెరిచిన చిత్రకారుడు

2003లో జపాన్ చిత్రకారుడు తకాషి మురకామి రంగులు లూయీ విట్టాన్ బ్యాగుల మీదికి ఎక్కాయి. గ్యాలరీలో ఉండాల్సిన బొమ్మ షాపులో సరుకైతే ఎలా అనే చర్చ అప్పుడు గట్టిగానే నడిచింది. కానీ టోక్యోకి అది పాత గొడవే. అంతకు దాదాపు తొంభై ఏళ్ల ముందే అక్కడ తకెహిసా యుమెజి అనే కుర్రాడు తన బొమ్మల్ని కొట్టు పెట్టి మరీ అమ్మాడు.

యుమెజి 1884లో ఒకయామా ప్రాంతంలో పుట్టాడు. ఇంట్లోవాళ్లది బియ్యపు మద్యం తయారీ. 1901లో టోక్యో వచ్చి కామర్స్ బడిలో చేరాడు. చదువు మీద కంటే పత్రికలకి బొమ్మలు పంపడం మీదే ధ్యాస. 1905లో ఒక పత్రికలో బహుమతి రాగానే బడి మానేశాడు. ఆర్ట్ స్కూల్లో చేరనా అని పేరున్న చిత్రకారుడు ఒకాదా సబురోసుకెని అడిగితే, వెళ్తే ఉన్న సొంత చేయి పోతుందని ఆయన వద్దన్నాడట. మొత్తానికి వెళ్లలేదు.

1909లో తొలి బొమ్మల పుస్తకం వచ్చింది. అందులో చాలావరకు అంతకుముందు పత్రికల్లో అచ్చయిన బొమ్మలే. అయినా విపరీతంగా అమ్ముడుపోయింది. పెద్ద కళ్లు, దిగులు మొహం ఉన్న అతని అమ్మాయిలంటే జనానికి పిచ్చి. 1912లో క్యోటోలో సొంతంగా ప్రదర్శన పెట్టాడు. అదే సమయంలో ఊళ్లో ప్రభుత్వ కళా ప్రదర్శన జరుగుతున్నా ఇతని దగ్గరికీ జనం బారులు తీరారు. కానీ పెద్ద చిత్రకారుల లెక్కలో మాత్రం అతను పత్రికల బొమ్మలవాడే.

అసలు కథ 1914లో మొదలైంది. విడాకులు తీసుకున్న భార్య తమాకికి బతుకుతెరువు కావాలి. ఆమె కోసమే నిహోన్‌బాషిలో ‘మినతోయా’ అనే కొట్టు తెరిచాడు. ఉత్తరాల కాగితాలు, కవర్లు, అచ్చుబొమ్మలు, కిమోనో మెడపట్టీలు, వేసవి యుకతాలు... అన్నింటి మీదా అతని డిజైన్లే. నగిషీ కాగితాల మీద సంప్రదాయ పువ్వులతో ఆగకుండా పుట్టగొడుగులు, అగ్గిపుల్లలు కూడా వేశాడు. పెద్ద పెయింటింగ్ కొనలేని అమ్మాయి కూడా మెడపట్టీ ఒకటి కొనుక్కోగలదు కదా! యువ చిత్రకారులకి ఆ కొట్టే అడ్డా. అయితే రెండేళ్లకే మూతపడింది.

యుమెజి ఆగలేదు. పాటల స్వరలిపి పుస్తకాలకి 270కి పైగా ముఖచిత్రాలు వేశాడు. 1923లో మిత్రులతో కలిసి ‘దొంతాకు’ పేరుతో డిజైన్ సంస్థ ప్రకటించాడు. పోస్టర్లు, ప్రకటనలు, సరుకుల డిజైన్లు అన్నీ ఒకే చోట చేయాలని ప్లాన్. ఈరోజు మనం బ్రాండింగ్ ఏజెన్సీ అంటున్నామే, దాదాపు అలాంటిదే. సెప్టెంబర్ 1న కాంటో భూకంపం వచ్చింది. అచ్చువేయాల్సిన ప్రెస్ కాలిపోయింది, సంస్థ పనులు మొదలవకుండానే ముగిసింది. స్కెచ్ పుస్తకం పట్టుకుని బూడిదైన నగరమంతా తిరిగి బొమ్మలు గీశాడు. అవి దినపత్రికలో వరుసగా వచ్చాయి.

1931లో అమెరికా, ఆ తర్వాత యూరప్ వెళ్లాడు. తిరిగొచ్చేసరికి ఆరోగ్యం పాడైంది. నగనోలోని క్షయ ఆసుపత్రిలో, 50 నిండకుండానే 1934లో కన్నుమూశాడు. ఆ రోజు కూడా సెప్టెంబర్ 1. ఇప్పుడు ఒకయామాలో, టోక్యోలో అతని పేరిట మ్యూజియంలు ఉన్నాయి.