బడి ఆగింది... నేర్చుకోవడం ఆగలేదు!

కారులో ఏసీ చల్లగా రావడం లేదా? చాలామంది ముందు గ్యాస్ నింపించేస్తారు. కొన్నాళ్లకే మళ్లీ అదే వేడిగాలి! లీకు ఎక్కడుందో చూడకుండా గ్యాస్ నింపితే అంతే మరి. లోపం ఎందుకొచ్చిందో తేల్చుకున్నాకే పని మొదలుపెట్టాలి. ఆ పద్ధతినే నమ్ముకుని చల్లటి లారీలను రోడ్డెక్కించాడు ఫ్రెడరిక్ మెకిన్లీ జోన్స్.

1893లో అమెరికాలో పుట్టిన ఈ నల్లజాతి కుర్రాడికి చిన్నప్పుడే తల్లి దూరమైంది. తండ్రి ఓ క్యాథలిక్ ఫాదర్ దగ్గర వదిలేశాడు. చదువు మధ్యలోనే ఆగిపోయింది. సిన్సినాటిలో ఓ గ్యారేజీలో ఊడ్చే పనికి కుదిరి, చూస్తూ చూస్తూనే మెకానిక్ అయ్యాడు. 1912లో మినెసోటా రాష్ట్రంలోని హాలక్ చేరి, పెద్ద పొలంలో యంత్రాలు బాగుచేశాడు. తీరిక దొరికితే పుస్తకాలే. మొదటి ప్రపంచయుద్ధంలో సైన్యంలో పనిచేసి వచ్చాక ఆ ఊరికి రేడియో ట్రాన్స్‌మిటర్ తయారుచేశాడు. సినిమాకు సౌండ్ పరికరాలూ చేశాడు. ఆ పనితనం చూసే మినియాపొలిస్ వ్యాపారి జోసెఫ్ న్యూమెరో ఉద్యోగమిచ్చాడు.

అప్పట్లో లారీల్లో మాంసం, కూరగాయలను ఐసు మీద పంపేవారు. దారిలో ఐసు కరిగితే సరుకంతా పాడే. శీతల యంత్రాలు బిగిద్దామంటే రోడ్డు కుదుపులకు ఆగేవి కావు. జోన్స్ కుదుపులను తట్టుకునే యంత్రం చేసి, లారీ కింద బిగించాడు. అది బరువెక్కువ, పైగా రోడ్డు మీది బురదంతా దానికే! దాంతో యంత్రాన్ని చిన్నది చేసి, లారీ ముందుభాగంలో పైకి మార్చాడు. అంతే, సమస్య తీరింది. 1939లో పేటెంట్‌కు దరఖాస్తు చేశాడు. వాళ్ల కంపెనీయే తర్వాత థర్మో కింగ్ అయింది. రెండో ప్రపంచయుద్ధంలో సైనికులకు ఆహారం, మందులు, రక్తం చెడకుండా చేర్చడానికి ఈ యంత్రాలు పనికొచ్చాయి.

60కి పైగా పేటెంట్లు సాధించిన జోన్స్ 1961లో కన్నుమూశాడు. 1991లో అమెరికా ప్రభుత్వం నేషనల్ మెడల్ ఆఫ్ టెక్నాలజీ ప్రకటించింది. దాన్ని అందుకున్న తొలి నల్లజాతీయుడు అతడే. కానీ ఆ గౌరవం చూసుకోవడానికి అప్పటికి అతడు లేడు.

ఐటీఐలోనో, గ్యారేజీలోనో పని నేర్చుకుంటున్నారా? అయితే జోన్స్ దారి మీకూ పనికొస్తుంది. మాన్యువల్ ఏసీ కారు వస్తే వరసగా చూడండి. బ్లోయర్ తిరుగుతోందా? కంప్రెసర్ క్లచ్ పడుతోందా? కండెన్సర్‌కు మట్టి పట్టిందా? పైపుల అతుకుల దగ్గర నూనె మరక కనిపిస్తోందా? మరక ఉంటే అక్కడ లీకు ఉండొచ్చు. ఇవన్నీ చూశాకే గ్యాస్ సంగతి. సర్టిఫికెట్ ఉద్యోగం దాకా తీసుకెళ్తుంది. కస్టమర్ మళ్లీ మీ దగ్గరికే రావాలంటే మాత్రం లోపం పట్టుకోవడం రావాలి.