జూల్స్ వెర్న్: కెప్టెన్ నెమో మన భారతీయుడే అని తెలుసా? పిల్లల పత్రికలో సైన్స్ ఫిక్షన్ రాసి ప్రపంచాన్ని ఊపేసిన రచయిత కథ ఇది

సముద్రం అడుగున నాటిలస్ అనే జలాంతర్గామి. దాన్ని నడిపే అంతుచిక్కని మనిషి కెప్టెన్ నెమో. హాలీవుడ్ సినిమాల్లో, కార్టూన్లలో, గేమ్స్‌లో ఈ పేరు ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. కానీ ఆ నెమో ఓ భారతీయ రాకుమారుడన్న సంగతి చాలామందికి తెలీదు. బుందేల్‌ఖండ్ రాజు కొడుకు, టిప్పు సుల్తాన్‌కు మేనల్లుడి వరస, 1857 తిరుగుబాటులో బ్రిటిష్ వాళ్లపై కత్తి దూసిన వీరుడు.. ఇదీ నవలలో అతని అసలు చరిత్ర.

ఈ పాత్రను సృష్టించింది ఇండియాకు ఒక్కసారి కూడా రాని ఫ్రెంచ్ రచయిత జూల్స్ వెర్న్. ఆయన పుస్తకాల్లో ఎక్కువ భాగం ముందుగా వచ్చింది ఇంటిల్లిపాదీ చదివే ఓ పిల్లల పత్రికలో. ఆ పత్రికే ఆయనకు పేరు, డబ్బు తెచ్చిపెట్టింది. జీవితాంతం పిల్లల రచయిత అన్న ముద్ర కూడా వేసింది.

లాయర్ కావాల్సినోడు..

వెర్న్ 1828 ఫిబ్రవరి 8న ఫ్రాన్స్‌లోని నాంట్ నగరంలో పుట్టారు. అది ఓడరేవు ఉన్న ఊరు. తండ్రి పియర్ వెర్న్ లాయర్. ఐదుగురు పిల్లల్లో జూల్స్ పెద్దవాడు. తమ్ముడు పాల్ నేవీలో చేరాడు. పెద్దకొడుకు మాత్రం తన ఆఫీసే చూసుకోవాలన్నది తండ్రి కోరిక.

11 ఏళ్ల వయసులో ఇంట్లో చెప్పకుండా ఓడెక్కి పారిపోబోయాడని ఓ కథ బాగా ప్రచారంలో ఉంది. చనిపోయాక బంధువులు రాసిన జీవిత చరిత్రతో అది పాకిపోయింది. దానికి గట్టి ఆధారం మాత్రం లేదు.

లా చదవడానికి పారిస్ వెళ్లిన వెర్న్‌కు అక్కడ నాటకాల పిచ్చి పట్టింది. రచయిత అలెగ్జాండర్ డ్యూమా కుటుంబంతో పరిచయమైంది. 1850లో డ్యూమా థియేటర్‌లోనే ఆయన తొలి నాటకం వేశారు. లా డిగ్రీ చేతికొచ్చింది కానీ ప్రాక్టీస్ పెట్టలేదు. 1852లో తండ్రి తన ఆఫీసు అప్పగిస్తానంటే వద్దన్నారు. ఓ థియేటర్‌లో సెక్రటరీగా చేరి, తీరిక దొరికితే లైబ్రరీలో కూర్చుని భూగోళం, ఖగోళం, యంత్రాల గురించి నోట్స్ రాసుకునేవారు.

1857లో ఆనొరిన్‌ను పెళ్లి చేసుకున్నారు. ఆమె భర్తను కోల్పోయిన మహిళ, ఇద్దరు కూతుళ్ల తల్లి. ఇల్లు గడవాలి కదా.. పారిస్ స్టాక్ మార్కెట్‌లో ఉద్యోగంలో చేరారు. తెల్లవారుజామున రాయడం, పగలు షేర్ల పని. ఇలా ఏళ్లు గడిచాయి. 1861లో కొడుకు మిషెల్ పుట్టాడు.

జీవితాన్ని మార్చేసిన పబ్లిషర్

1862లో పియర్ జూల్ హెట్జెల్ అనే పబ్లిషర్‌ను కలవడంతో కథ మలుపు తిరిగింది. బెలూన్‌లో ఆఫ్రికా దాటే సాహసంపై వెర్న్ రాసిన నవల హెట్జెల్‌కు నచ్చింది. 1863 జనవరిలో 'ఫైవ్ వీక్స్ ఇన్ ఎ బెలూన్' వచ్చింది. సూపర్ హిట్. అప్పటికి వెర్న్ వయసు 35 ఏళ్లకు కొద్ది రోజులే తక్కువ.

1864లో హెట్జెల్ ఓ పత్రిక మొదలుపెట్టారు. పిల్లలకు చదువు, వినోదం రెండూ ఒకేచోట ఇవ్వాలన్నది దాని లక్ష్యం. అప్పటి ఫ్రాన్స్‌లో బడి చదువుల్లో సైన్స్‌కు పెద్దగా చోటు ఉండేది కాదు. ఆ లోటును కథలతో పూడ్చాలని హెట్జెల్ ఆలోచన. అందుకు సరిగ్గా సరిపోయిన మనిషి వెర్న్. ఏడాదికి ఇన్ని సంపుటాలు ఇవ్వాలని ఒప్పందం కుదిరింది. మొదట్లో 3, తర్వాత 2. ఆ పరుగు 40 ఏళ్లు ఆగలేదు. 'అసాధారణ ప్రయాణాలు' అన్న సిరీస్ పేరుతో ఆయన బతికుండగానే 54 నవలలు వచ్చాయి.

తిప్పికొట్టిన నవల.. 130 ఏళ్లు చీకట్లో

తొలి హిట్ తర్వాత వెర్న్ రాసిన ఓ నవలను హెట్జెల్ నిర్మొహమాటంగా తిప్పి పంపేశారు. దాని పేరు 'పారిస్ ఇన్ ది ట్వెంటియెత్ సెంచరీ'. కథ జరిగేది 1960లో. గ్యాస్ ఇంజిన్‌తో నడిచే వాహనాలు, వంతెనల మీద పరిగెత్తే రైళ్లు, కరెంటు దీపాలు, బొమ్మలను దూరానికి పంపే టెలిగ్రాఫ్.. అన్నీ అందులో ఉన్నాయి. కానీ లోకం సుఖంగా ఉండదు. డబ్బు, యంత్రాలు తప్ప దేనికీ విలువ లేని ఆ నగరంలో కవిత్వాన్ని ప్రేమించే ఓ కుర్రాడు ఆకలితో, చలితో కుప్పకూలిపోతాడు.

దీన్ని ఎవరూ నమ్మరని, ఇది అచ్చయితే రచయిత పేరు పోతుందని హెట్జెల్ తేల్చేశారు. వెర్న్ ఆ కాగితాలను పక్కన పెట్టేశారు. 1989లో మునిమనవడు ఓ పాత ఇనప్పెట్టె తెరిస్తే అవి బయటపడ్డాయి. 1994లో పుస్తకంగా వచ్చి ఫ్రాన్స్‌లో బెస్ట్ సెల్లర్ అయింది. సైన్స్ అంటే గుడ్డిగా పొగిడే రచయిత అని వెర్న్ గురించి అప్పటిదాకా ఉన్న అభిప్రాయం ఆ దెబ్బతో మారిపోయింది. యంత్రాల మీద మోజు ఎంత ఉందో, భయం కూడా అంతే ఉందని తేలింది. ఆ భయాన్ని పిల్లల పత్రికలో చెప్పే వీలు ఆయనకు దొరకలేదు.

జోస్యం కాదు.. లెక్క!

1865లో 'ఫ్రమ్ ది ఎర్త్ టు ది మూన్' వచ్చింది. పెద్ద ఫిరంగితో ముగ్గురిని చంద్రుడి వైపు పేల్చే కథ అది. ఫిరంగి పెట్టేది ఫ్లోరిడాలో. తర్వాతి భాగంలో ఆ ముగ్గురూ చంద్రుడిని చుట్టి వచ్చి పసిఫిక్ సముద్రంలో పడతారు. 1968లో అపోలో 8 సరిగ్గా ఇదే చేసింది. ఫ్లోరిడా నుంచి ముగ్గురు వెళ్లారు, చంద్రుడిని చుట్టారు, పసిఫిక్‌లో దిగారు.

వెర్న్ భవిష్యత్తు చూశాడని సోషల్ మీడియాలో పోస్టులు కనిపిస్తుంటాయి. అసలు సంగతి వేరే. చంద్రుడు నడినెత్తికి రావాలంటే భూమధ్యరేఖకు 28 డిగ్రీల లోపు చోటు కావాలి. అమెరికాలో ఆ లెక్కకు సరిపోయేవి ఫ్లోరిడా, టెక్సాస్ మాత్రమే. అలా వచ్చింది ఫ్లోరిడా! గుండు వేగం సెకనుకు 12,000 గజాలు అని రాశారు. అంటే దాదాపు 11 కిలోమీటర్లు. భూమి ఆకర్షణను తప్పించుకోవడానికి కావాల్సిన వేగం 11.2 కిలోమీటర్లు. లెక్కలు తెలిసిన బంధువుతో సరిచూపించుకుని మరీ రాసేవారు.

అలాగని తప్పులు లేవని కాదు. ఫిరంగితో అంత వేగంగా పేలిస్తే లోపలున్నవాళ్లు ఆ క్షణంలోనే చనిపోతారు. ఆ తప్పును సరిదిద్దే పనిలో పడ్డవాళ్లే రాకెట్ సైన్స్‌కు పునాది వేశారు. రష్యాలో త్సియోల్కోవ్‌స్కీ, జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఓబర్త్.. ఇద్దరూ వెర్న్‌ను చదివి ఆ దారి పట్టినవాళ్లే.

నాటిలస్ కూడా గాల్లోంచి ఊడిపడలేదు. అప్పటికే ఫ్రెంచ్ నేవీ ఓ జలాంతర్గామిని నీళ్లలోకి దించింది. 1867 పారిస్ ఎగ్జిబిషన్‌లో దాని నమూనా పెట్టారు. వెర్న్ దానికి కరెంటు శక్తి, లైబ్రరీ, పెద్ద గాజు కిటికీ తగిలించి, నెమోను లోపల కూర్చోబెట్టారు. ఇంకో మాట.. 'ట్వంటీ థౌజండ్ లీగ్స్ అండర్ ది సీ' అంటే 20,000 లీగుల లోతు కాదు. సముద్రం లోపల తిరిగిన దూరం. మన లెక్కలో దాదాపు 80,000 కిలోమీటర్లు. అంటే భూమి చుట్టూ రెండుసార్లు!

నెమో భారతీయుడు ఎలా అయ్యాడు?

వెర్న్ మొదట అనుకున్న నెమో పోలండ్ వాడు. రష్యా సైన్యం తన కుటుంబాన్ని నాశనం చేస్తే పగ తీర్చుకునే మనిషి. హెట్జెల్ ఒప్పుకోలేదు. రష్యాలో పుస్తకాలు అమ్ముకోవాలి, గొడవ ఎందుకన్నది ఆయన లెక్క. ఇద్దరి మధ్య ఉత్తరాల్లో పెద్ద వాదనే నడిచింది. చివరికి 1869-70లో వచ్చిన నవలలో నెమోది ఏ దేశమో చెప్పకుండానే వదిలేశారు.

1874-75లో వచ్చిన 'ది మిస్టీరియస్ ఐలాండ్'లో గుట్టు విప్పారు. చావు బతుకుల మధ్య ఉన్న నెమో తన పేరు ప్రిన్స్ డక్కర్ అని చెబుతాడు. యూరప్‌లో చదువుకున్న రాకుమారుడు, 1857లో తిరుగుబాటులో పోరాడి, భార్యాబిడ్డలను పోగొట్టుకుని, సముద్రం అడుగునకు వెళ్లిపోయిన మనిషి. పబ్లిషర్ వ్యాపార భయంతో మొదలైన మార్పు.. చివరికి ఓ భారతీయుడిని ప్రపంచ సాహిత్యంలోనే పెద్ద హీరోల్లో ఒకడిగా నిలబెట్టింది. సినిమాల్లో మాత్రం ఏళ్ల తరబడి ఆ పాత్రను తెల్లవాళ్లతోనే వేయించారు. 2003లో 'ది లీగ్ ఆఫ్ ఎక్స్‌ట్రార్డినరీ జెంటిల్‌మెన్'లో నసీరుద్దీన్ షా నెమోగా కనిపించారు.

వెర్న్ కథల్లో ఇండియా ఇంకా చాలాచోట్ల వస్తుంది. 1872లో వచ్చిన 'అరౌండ్ ది వరల్డ్ ఇన్ ఎయిటీ డేస్'లో హీరో బొంబాయి నుంచి కలకత్తా రైల్లో బయల్దేరతాడు. దారిలో పట్టాలు పూర్తికాలేదని తెలిసి 2,000 పౌండ్లు పోసి ఏనుగును కొంటాడు. సతి పేరుతో చితి మీదికి తీసుకెళ్తున్న ఔదాను కాపాడతాడు. 1880 నాటి 'ది స్టీమ్ హౌస్'లో అయితే ఆవిరితో నడిచే ఇనుప ఏనుగు ఉత్తర భారతమంతా ఇళ్లను లాక్కుంటూ తిరుగుతుంది! అయితే చూడకుండా పుస్తకాలు చదివి రాసిన ఇండియా అది. అప్పటి యూరప్ వాళ్ల చూపు, పొరపాట్లు అందులో కనిపిస్తాయి.

ఆ 80 రోజుల పందేన్ని 1889లో అమెరికా జర్నలిస్టు నెల్లీ బ్లై నిజంగానే మొదలుపెట్టింది. దారిలో ఫ్రాన్స్‌లో దిగి వెర్న్ దంపతులను కలిసింది. 72 రోజుల్లో ప్రపంచాన్ని చుట్టేసి రికార్డు కొట్టింది.

ఇంట్లో మాత్రం తుఫాను

1871లో వెర్న్ కుటుంబం భార్య పుట్టిన ఊరు అమియాన్‌కు మారింది. 80 రోజుల నవలను 1874లో నాటకంగా వేస్తే కాసుల వర్షం కురిసింది. ఆవిరి పడవ కొనుక్కున్నారు. స్కాట్లాండ్ నుంచి మధ్యధరా సముద్రం దాకా తిరిగారు.

కానీ కొడుకు మిషెల్‌తో అస్సలు పడలేదు. ప్రపంచంలోని పిల్లలందరికీ కథలు చెప్పిన మనిషి సొంత కొడుకుని దారిలో పెట్టలేకపోయారు. అప్పులు, గొడవలు భరించలేక 1876లో మిషెల్‌ను కుర్రాళ్లను సంస్కరించే కేంద్రంలో పెట్టించారు. 1878లో ఇండియా వెళ్లే ఓడ ఎక్కించారు. అదే ఏడాది ఆయన రాసిన నవలలో 15 ఏళ్ల కుర్రాడు ఓడకు కెప్టెన్ అయ్యి అందరినీ కాపాడతాడు!

1886 ఆయనకు కలిసిరాని ఏడాది. మార్చి 9న ఇంటికి వస్తుంటే తమ్ముడి కొడుకు గాస్టన్ తుపాకీతో రెండుసార్లు కాల్చాడు. అప్పటికి అతని మానసిక పరిస్థితి బాగోలేదు. ఓ తూటా ఎడమ కాలికి తగిలింది. దాన్ని తీయలేకపోయారు. ఆ తర్వాత వెర్న్ జీవితాంతం కుంటుతూనే నడిచారు. 8 రోజులకే హెట్జెల్ చనిపోయారు. మంచం మీదున్న వెర్న్ చివరి చూపుకు కూడా వెళ్లలేకపోయారు. మరుసటి ఏడాది తల్లి పోయారు.

సముద్ర ప్రయాణాలు ఆగిపోయాయి. 1888లో అమియాన్ మున్సిపల్ కౌన్సిలర్‌గా గెలిచి ఊరి పనుల్లో పడ్డారు. ఆయన హయాంలో కట్టిన సర్కస్ భవనం ఇప్పటికీ ఉంది, ఆయన పేరుతోనే. నవలల్లో మాత్రం రంగు మారింది. ఆయుధాల పిచ్చి పట్టిన శాస్త్రవేత్తలు, అధికారం కోసం యంత్రాలు కట్టేవాళ్లు ఎక్కువయ్యారు.

దక్కని గౌరవం

పుస్తకాలు అన్ని దేశాల్లో అమ్ముడుపోతున్నా ఫ్రెంచ్ అకాడమీ తలుపు మాత్రం తెరుచుకోలేదు. పిల్లల కోసం, ప్రయాణాల గురించి రాసేవాడు సాహిత్యకారుడేంటి అన్నట్టే పెద్దలు చూశారు. ఈ బాధ చివరిదాకా ఆయనను వదల్లేదు. మధుమేహం ముదిరి, చూపు మందగించినా రాయడం మానలేదు. 1905 మార్చి 24న అమియాన్‌లో 77 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఆయన పోయాక మిగిలిన రాతప్రతులను అచ్చువేయించింది ఎవరో తెలుసా? ఆ మిషెలే. చివరి ఏళ్లలో తండ్రీకొడుకులు కలిసిపోయారు. అయితే మిషెల్ ఆ నవలలను చాలాచోట్ల మార్చేశాడని 1970ల చివర్లో అసలు ప్రతులు దొరికాక బయటపడింది. ఆ తర్వాత వెర్న్ రాసింది రాసినట్టుగా మళ్లీ అచ్చువేశారు.

యునెస్కో లెక్కల్లో అగాథా క్రిస్టీ తర్వాత ప్రపంచంలో ఎక్కువగా అనువాదమైన రచయిత వెర్నే. 2008లో యూరప్ అంతరిక్ష సంస్థ, అంతరిక్ష కేంద్రానికి సామాన్లు మోసుకెళ్లిన వ్యోమనౌకకు ఆయన పేరే పెట్టింది. అందులో ఆయన చేతిరాత కాగితాలు కూడా పంపింది. అకాడమీ కుర్చీ దక్కలేదు కానీ, పిల్లల కోసం రాసిన ఆ కాగితాలు అంతరిక్షంలోకి వెళ్లొచ్చాయి.