పోర్టు ట్రస్టు గుమాస్తా

లెక్కలు బాగా వచ్చిన పిల్లవాడిని మనవాళ్ళు ఇప్పటికీ అకౌంట్సు వైపే పంపుతారు. నేనూ అలా వచ్చినవాణ్ణే. అందుకేనేమో, శ్రీనివాస రామానుజన్ పేరు వింటే నాకు కేంబ్రిడ్జి కంటే ముందు మద్రాసు పోర్టు ట్రస్టు గుర్తొస్తుంది.

1887లో ఈరోడ్‌లో పుట్టిన రామానుజన్ ఎఫ్.ఏ. గట్టెక్కలేదు. లెక్కలు తప్ప మిగతావి చదివితేగా! పెళ్ళయింది, ఉద్యోగం లేదు. మన నెల్లూరులో కలెక్టరుగా ఉన్న ఆర్. రామచంద్రరావు గారు ఆయన నోటుపుస్తకాలు చూసి, నెలకు 25 రూపాయలు ఇస్తూ వచ్చారు. ఎన్నాళ్ళని ఒకరి మీద ఆధారపడటం? 1912 మార్చి 1న పోర్టు ట్రస్టు అకౌంట్సు విభాగంలో గుమాస్తాగా చేరారు. జీతం 30 రూపాయలు.

అక్కడి పై అధికారి నారాయణ అయ్యరు గారు స్వయంగా గణితం తెలిసినవారు. పగలు ఆఫీసు లెక్కలు, రాత్రిళ్ళు ఇద్దరూ పలకలు పట్టుకుని అసలు లెక్కలు! ఛైర్మన్ సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్ చెవిన వేసిందీ అయ్యరు గారే. నా సర్వీసులో అలాంటి పై అధికారి నాకు తగల్లేదు.

1913 జనవరిలో హార్డీకి రాసిన ఉత్తరంలో రామానుజన్ ముందుగా చెప్పుకున్నది తన గుమాస్తా ఉద్యోగం, చాలీచాలని జీతం గురించే. ఆ మే నెలలో మద్రాసు విశ్వవిద్యాలయం 75 రూపాయల ఉపకార వేతనం ఇచ్చింది. 1914 మార్చి 17న ఆ మద్రాసు రేవులోనే ఓడ ఎక్కారు. 1918లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. 1919లో జబ్బుతో తిరిగొచ్చి, 1920 ఏప్రిల్ 26న, 32 ఏళ్ళకే కన్నుమూశారు. భార్య జానకి గారు బట్టలు కుట్టి బతుకు వెళ్ళదీస్తూ 1994 దాకా జీవించారు.